ఎంత? ఎంతసేపు?
ఆరోగ్యం, ఇంటి భద్రత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామంది అడిగింది ‘ఏం చేయాలి’ అని కాదు, ‘ఎంత, ఎంతసేపు’ అని. అడగాల్సిన ప్రశ్న అదే. చేతులు కడుక్కోవాలని, కాలితే నీళ్లు పోయాలని, విరేచనాలైతే ఓఆర్ఎస్ తాగించాలని అందరికీ తెలుసు. తప్పు జరిగేది కొలత దగ్గర, గడియారం దగ్గర. అందుకే జవాబుల్లో వీలైన ప్రతిచోటా అంకెలు ఇచ్చాం.

ప్రశ్న: ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపితే మిగిలిపోతోంది. అందుకని గ్లాసు నీళ్లలో రెండు చెంచాల పొడి వేసి పిల్లాడికి ఇస్తున్నాం. తాగగానే వాంతి చేసుకుంటున్నాడు. పొడి తగ్గించాలా, పెంచాలా?

జవాబు: తగ్గించడమూ వద్దు, పెంచడమూ వద్దు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని నీళ్లు కొలిచి, పొడి మొత్తం ఒకేసారి కలపాలి. లీటరు ప్యాకెట్లు ఉన్నాయి, 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు కూడా ఉన్నాయి. మిగిలిపోతుందనుకుంటే చిన్నది కొనండి, అంతేగాని పెద్దది విడగొట్టొద్దు. పొడిలో ఉప్పు ఒకచోట, గ్లూకోజు ఒకచోట చేరి ఉండవచ్చు. మీ చెంచాలోకి ఏది ఎంత వచ్చిందో చెప్పలేం.

ఈ కొలతకు ఇంత పట్టింపు ఎందుకంటే, పేగు గోడలోకి వెళ్లే గ్లూకోజు తనతోపాటు సోడియంను తీసుకెళ్తుంది. ఆ రెండింటి వెనకే నీరు వెళ్తుంది. ఎంత తీవ్రమైన నీళ్ల విరేచనాల్లోనైనా ఈ దారి మూసుకుపోదు. ఓఆర్ఎస్ పనిచేసేది ఆ ఒక్క దారి మీద ఆధారపడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2002లో ఖరారు చేసిన పాళ్లు లీటరు నీటికి ఇవి: ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. అంతకుముందున్న ఫార్ములా ఇంతకంటే చిక్కన. దాన్ని పలచన చేశాక పిల్లల్లో విరేచనాల పరిమాణం, వాంతులు తగ్గాయి. అంటే పాళ్లలో ఆ కాస్త తేడాకే ఫలితం మారుతోంది. నీళ్లు తక్కువైతే చిక్కటి ద్రావణం ఒంట్లోని నీటినే పేగుల్లోకి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. రక్తంలో సోడియం కూడా పెరగవచ్చు. పసిపిల్లల్లో అది ఫిట్స్ దాకా తీసుకెళ్తుంది. నీళ్లు మరీ ఎక్కువైతే పోయిన లవణాలు తిరిగి రావు.

ఇక వాంతి సంగతి. దాహం మీదున్న పిల్లాడు గడగడా తాగేస్తాడు, పొట్ట ఒక్కసారిగా సాగి బయటికి తోసేస్తుంది. అలా జరిగితే పది నిమిషాలు ఆగండి. తర్వాత రెండు మూడు నిమిషాలకొక చెంచా చొప్పున పట్టండి. ఓపికతో చేయాల్సిన పనే, కానీ సెలైన్ దాకా వెళ్లకుండా ఆపేది చాలాసార్లు ఈ చెంచానే. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ల పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు పట్టాలి. అంతకంటే పెద్దవాళ్లు ఎంత తాగగలిగితే అంత తాగాలి. తల్లిపాలు, మామూలు తిండి ఆపకూడదు. కలిపిన ద్రావణాన్ని మరిగించకూడదు. మూతపెట్టి ఉంచి 24 గంటల్లో వాడేయాలి, మిగిలితే పారబోయాలి. పిల్లలకు దీంతోపాటు జింకు కూడా ఇవ్వాలి: ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆ లోపైతే 10 మిల్లీగ్రాములు, 10 నుంచి 14 రోజులు. విరేచనాలు మూడో రోజుకే కట్టినా జింకు మధ్యలో మానొద్దు. ఎక్కువమంది మానేసేది అక్కడే.

ప్యాకెట్ చేతికి అందనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో 5 మిల్లీలీటర్ల చెంచాతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా కుప్పగా ఉండకూడదు, చాకు వీపుతో గీసి అంచుకు సమం చేయాలి. ఇందులో పొటాషియం ఉండదు కాబట్టి ప్యాకెట్ దొరికేదాకానే వాడండి. సీసాల్లో వచ్చే తీపి పానీయాలు దీనికి బదులు కావు. వాటిలో చక్కెర చాలా ఎక్కువ, ఉప్పు చాలా తక్కువ.

మలంలో రక్తం కనిపించినా, కళ్లు లోపలికి పోయినా, మత్తుగా పడి ఉన్నా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, చెంచాడు కూడా నిలవకపోయినా ఇంట్లో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. దారిలో కూడా చెంచాతో పడుతూనే ఉండండి.

ప్రశ్న: శానిటైజర్ ఉంటే ఇక సబ్బు అక్కర్లేదా?

జవాబు: అక్కర్లేదని చెప్పలేం. కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ పైకి శుభ్రంగా కనిపించే చేతుల మీద బాగా పనిచేస్తుంది. మట్టి, జిడ్డు ఉంటే ఆల్కహాల్ క్రిమి దాకా చేరదు. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్‌కు అది సరిపోదు. కాబట్టి మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, పసివాళ్ల మలం శుభ్రం చేశాక, వంటకు ముందు, తినేముందు సబ్బే వాడాలి. నురగ వచ్చాక కనీసం 20 సెకన్లు రుద్దాలి. అరచేతులు అందరూ రుద్దుతారు. వదిలేసేవి బొటనవేళ్లు, వేళ్ల కొసలు, గోళ్ల కింది భాగం. ముక్కు, నోరు, కళ్లు ముట్టుకునేది వాటితోనే. వేణ్నీళ్లు కావాలనేం లేదు, చన్నీళ్లయినా చాలు. చివర్లో తుడుచుకోవడం కూడా కడగడంలో భాగమే, తడిచేతికి క్రిములు సులువుగా అంటుతాయి. శానిటైజర్ వాడినప్పుడు మాత్రం తుడవకండి, అది చేతుల మీదే ఆరిపోవాలి.

ప్రశ్న: మా సముదాయానికంతటికీ ఒకే సంప్ ఉంది. బ్లీచింగ్ పౌడర్ ఎంత వేయాలి? ఒకసారి వాసన ఎక్కువైందని, ఇంకోసారి అసలు లేదని గొడవ.

జవాబు: ముందు నీళ్లెన్నో లెక్క వేయండి. పొడవు, వెడల్పు, నీటి లోతు మీటర్లలో కొలిచి గుణించి, దాన్ని మళ్లీ వెయ్యితో గుణిస్తే లీటర్లు వస్తాయి. 2.5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల నీటి లోతు ఉంటే 6,000 లీటర్లు. తేటగా ఉన్న నీటికి, మంచి బ్లీచింగ్ పౌడర్ అయితే వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు పడుతుంది. అంటే ఆ కొలతల సంప్‌కు 15 గ్రాములు. గుప్పిళ్లతో వేసేవాళ్లకు ఈ అంకె నమ్మబుద్ధి కాదు. చిన్న త్రాసు ఒకటి కొనుక్కుంటే గొడవలో సగం తీరుతుంది.

పొడిని నేరుగా నీళ్లలో చల్లకండి. ప్లాస్టిక్ బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత బకెట్ ముప్పావు వంతు నింపి బాగా కలియబెట్టండి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున సున్నపు మడ్డి దిగుతుంది. పైన తేరిన తేటనే సంప్‌లో పోయాలి. మడ్డి పోస్తే క్లోరిన్ పెరగదు, నీటి కాఠిన్యం పెరుగుతుంది. గంటసేపు ఆగి, అప్పుడు వాడకానికి వదలండి.

వాసన మాత్రం కొలత కాదు. ముక్కు ముక్కుకీ తేడా ఉంటుంది. పైగా మురికితో కలిసిన క్లోరిన్ వాసన ఇంకా ఘాటు. క్లోరిన్ పరీక్ష కిట్ కొనండి. గంట తర్వాత సంప్‌లో లీటరుకు 0.5 మిల్లీగ్రాములు, చివరి ఇంటి కుళాయిలో కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. లెక్క ప్రకారమే వేసినా సున్నా చూపిస్తే కారణాలు రెండు. అడుగున బురద, పాచి ఉండి క్లోరిన్‌ను అవే తినేసి ఉంటాయి, లేదా పొడి సత్తువ పోయి ఉంటుంది. తాజా పొడిలో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. గాలి, తేమ, వెలుతురు తగిలేకొద్దీ అది ఎగిరిపోతుంది. మూతి విప్పిన సంచిని మోటారు గదిలో ఏడాదంతా ఉంచితే మిగిలేది సున్నమే. చిన్న మోతాదులో కొని, బిగుతైన మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో చీకట్లో, పొడిగా ఉంచండి.

క్లోరిన్‌కు లొంగని క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవులూ ఉన్నాయి. నీటి మీద అనుమానం ఉన్న రోజుల్లో, పసిపిల్లలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉన్న ఇళ్లలో తాగే నీటిని మరిగించండి. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన ఉండే ఊళ్లలో మూడు నిమిషాలు.

అడగకపోయినా ఒకటి గట్టిగా చెప్పాలి. సంప్ కడగడానికి మనిషిని దించేముందు మూతలన్నీ తెరిచి, ఫ్యానుతో లోపలికి గాలి కొట్టండి. చాలాకాలం మూసి ఉన్న సంప్‌లో ప్రాణవాయువు తగ్గి ఉండవచ్చు. దిగేవాళ్ల నడుముకు తాడు, పైన ఒక మనిషి ఉండి తీరాలి. ఇంజన్‌తో నడిచే పంపును లోపల పెట్టకండి, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా చంపేస్తుంది. లోపలి మనిషి పడిపోతే కాపాడదామని వెనకే దూకొద్దు. ఇలాంటి ప్రమాదాల్లో రెండో మనిషి, మూడో మనిషి పోయేది అలాగే. తాడుతో పైకి లాగండి, అగ్నిమాపక సిబ్బందిని పిలవండి.

ప్రశ్న: ప్రతి వారం పాత్రల్లో నీళ్లు పారబోస్తున్నాం. అయినా పగటిపూట కుట్టే దోమలు తగ్గడం లేదు. ఫాగింగ్ చేయించాలా?

జవాబు: పారబోస్తున్నారు సరే, రుద్దుతున్నారా? డెంగీ మోసే ఈడిస్ దోమ గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడ మీద. అవి అంటుకుపోయి, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగిలిన రోజు పొదుగుతాయి. గుడ్డు నుంచి రెక్కల దోమ రావడానికి వెచ్చని వాతావరణంలో ఏడు నుంచి పది రోజులు పడుతుంది. వారానికోసారి అనే నియమం అక్కడి నుంచి వచ్చిందే. పాత్ర ఖాళీ చేసి, గరుకు బ్రష్‌తో లోపలి గోడ రుద్ది, కడిగి, బోర్లించాలి. నీళ్లను ఎండిన నేల మీద పోయండి. కాలువలో పోస్తే లార్వాలు అక్కడ బతికి పెరగవచ్చు.

కంటికి కనపడని చోట్లు వెతకండి: ఫ్రిజ్ వెనక కింది ట్రే, కుండీల కింది పళ్లేలు, వాడని మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకు, నేలమీది జాలీ కింది గుంట, పాత టైర్లు, మోటారు మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా మడతలు, ఆకులు అడ్డుపడిన వాననీటి గొట్టాలు. పారబోయడానికి వీల్లేని నీటి తొట్లలో లార్వాలను చంపే 1 శాతం టెమిఫోస్ మందు గుళికలు 100 లీటర్లకు 10 గ్రాముల చొప్పున వేస్తారు. ఇది ఆరోగ్య సిబ్బంది చేతుల మీదుగా జరగాల్సిన పని. బీటీఐ అనే బ్యాక్టీరియా మందు కూడా ఉంది. అయితే దాన్ని లార్వా తింటేనే చస్తుంది. లార్వా తర్వాతి దశ ప్యూపా. కామా గుర్తులా వంగి ఉండే ఆ ప్యూపా ఏమీ తినదు కాబట్టి దానికి ఆ మందు పట్టదు. ప్యూపాలు కనిపిస్తే రెక్కల దోమకు ఒకటి రెండు రోజులే మిగిలినట్టు, ఆ రోజే పారబోయాలి.

ఫాగింగ్ ఆ క్షణాన ఎగురుతున్న దోమలనే చంపుతుంది. గుడ్లకు, లార్వాలకు ఏమీ కాదు. వ్యాధి ప్రబలినప్పుడు దానికో స్థానం ఉంది, అలవాటుగా చేయించేది కాదు. అంతకంటే మీ వీధి మొత్తం వారంలో ఒకే రోజు, ఒకే గంటలో పాత్రలు రుద్దడం ఎక్కువ ఫలితమిస్తుంది. ఈడిస్ దోమ పుట్టిన చోటి నుంచి ఎక్కువ దూరం పోదు. మీ ఇంట్లో కుట్టేది మీ ఇంట్లోనో, రెండు మూడిళ్ల అవతలో పుట్టిందే అయి ఉంటుంది. ఖాళీగా తాళం వేసి ఉన్న ఇంటి తాళంచెవి ఎవరి దగ్గరుందో ముందు కనుక్కోండి.

జ్వరం వస్తే, డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకోకండి. రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. పారాసెటమాల్ వాడవచ్చు.

ప్రశ్న: చేతి మీద వేడి నూనె పడింది. వెంటనే ఐసు పెట్టాం, టూత్‌పేస్టు రాశాం. బొబ్బలు ఎక్కువయ్యాయి. ఏది తప్పు?

జవాబు: రెండూ. ఐసు రక్తనాళాలను కుదించి, కాలిన చర్మాన్ని ఇంకా దెబ్బతీస్తుంది. పేస్టు వేడిని లోపలే పట్టి ఉంచుతుంది, గాయాన్ని డాక్టరు చూడకుండా అడ్డుపడుతుంది. చేయాల్సింది కుళాయి కింద పారే చల్లటి నీళ్లు, 20 నిమిషాలు. గడియారం చూడండి, ఎందుకంటే రెండు నిమిషాలకే మంట తగ్గి ‘ఇక చాలు’ అనిపిస్తుంది. మంట తగ్గినా చర్మం లోపలి పొరల్లో వేడి ఇంకా ఉంటుంది, కాలడం సాగుతూనే ఉంటుంది. వెంటనే పోయలేకపోయినా మూడు గంటల లోపు ఎప్పుడు పోసినా మేలే. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. చర్మానికి అతుక్కున్న బట్టను పీకొద్దు, చుట్టూ కత్తిరించండి. తర్వాత ఆహారానికి చుట్టే పలుచటి ప్లాస్టిక్ పొరను పైన పరచండి, బిగించి చుట్టొద్దు. అది లేకపోతే శుభ్రమైన, నూలు రాలని బట్ట కప్పండి. బొబ్బలు చిదపకూడదు. చిన్నపిల్లలకు నీళ్లు పోసేటప్పుడు కాలిన చోటు తప్ప మిగతా ఒళ్లంతా దుప్పటి కప్పి ఉంచాలి, లేకపోతే ఒళ్లు చల్లబడిపోతుంది.

కాలిన వాళ్ల అరచేయి, వేళ్లతో కలిపి, వాళ్ల ఒంట్లో ఇంచుమించు 1 శాతం. అంతకంటే పెద్ద గాయమైనా, ముఖం, చేతులు, కీళ్లు, మర్మాంగాల మీదైనా, కరెంటు వల్ల అయినా చిన్నదిగా కనిపించినంత మాత్రాన ఇంట్లో ఉండొద్దు.

ప్రశ్న: బాత్రూం బాగా శుభ్రపడుతుందని యాసిడ్, బ్లీచ్ కలిపి పోస్తాం. దగ్గు వస్తోంది. మాస్కు పెట్టుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు, ఆ పని వెంటనే మానండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మామూలు మాస్కు దాన్ని ఆపదు. గాలికంటే బరువు కాబట్టి చిన్న గదిలో కిందే నిలుస్తుంది, వంగి రుద్దే మనిషికి మొదట తగులుతుంది. అమోనియా ఉన్న క్లీనర్‌తో బ్లీచ్ కలిసినా విషవాయువే వస్తుంది. ఒకటి వాడి, నీళ్లతో పూర్తిగా కడిగేసి, రెండోది ఇంకో రోజు వాడండి. పొరపాటున కలిస్తే విరుగుడని ఇంకేదో పోయకుండా బయటికి వచ్చేయండి. ఊపిరి ఆడకపోతే ఆసుపత్రికి వెళ్లండి. ఈ ద్రావణాలను మంచినీళ్ల సీసాల్లో పోసి పెట్టకూడదు. ఎవరైనా తాగితే వాంతి చేయించొద్దు, దిగేటప్పుడు కాల్చింది ఎక్కేటప్పుడు మళ్లీ కాలుస్తుంది.

ప్రశ్న: జ్వరం సిరప్ ‘ఒక చెంచా’ అంటారు. ఏ చెంచా?

జవాబు: వంటింటి చెంచా ఏదీ కాదు. అవి ఒక్కోటి ఒక్కో పరిమాణంలో ఉంటాయి. మందుతో వచ్చిన గీతల మూతతో గాని, సిరంజితో గాని కొలవండి. పారాసెటమాల్ మోతాదు పిల్లల బరువును బట్టి ఉంటుంది, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పిల్లకు 150 మిల్లీగ్రాములు అనుకుందాం. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, 250 ఉన్నదైతే 3 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుండే డ్రాప్స్ అయితే 1.5 మిల్లీలీటర్లే. పాత సీసా కొలతనే గుర్తుపెట్టుకుని డ్రాప్స్ 6 మిల్లీలీటర్లు పోస్తే నాలుగింతలు పడుతుంది, కాలేయానికి ముప్పు. కాబట్టి సీసా మారినప్పుడల్లా లేబుల్ చదవండి. మోతాదుకు మోతాదుకు కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, 24 గంటల్లో నాలుగుసార్లకు మించకూడదు. జలుబు సిరప్‌లలో కూడా పారాసెటమాల్ ఉండొచ్చు, అదీ లెక్కలోకే వస్తుంది. మూడు నెలల లోపు పసికందుకు జ్వరమొస్తే సిరప్ కంటే ముందు డాక్టరు.

ప్రశ్న: రాత్రి గ్యాస్ వాసన వస్తే లైటు వేయకూడదంటారు. వెలుగుతున్న లైటు ఆర్పవచ్చా?

జవాబు: ఆర్పకూడదు. స్విచ్ వేసినా, తీసినా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఫ్యాను, ఎగ్జాస్ట్, కాలింగ్ బెల్ కూడా ముట్టొద్దు. చేతికి అందితే రెగ్యులేటర్ మూసి, తలుపులు కిటికీలు తెరిచి, అందరూ బయటికొచ్చాకే ఫోన్ చేయండి. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, నేలబారున పరుచుకుంటుంది. కాబట్టి కిటికీ ఒక్కటే చాలదు, నేలదాకా ఉన్న తలుపు తెరవాలి. గొట్టాల్లో వచ్చే సహజవాయువు తేలిక, కప్పు దగ్గర చేరుతుంది, దానికి పైకిటికీలు ముఖ్యం. లీకు ఎక్కడో వెతకడానికి సబ్బు నురగ రాయండి, బుడగలొచ్చిన చోటే లీకు. అగ్గిపుల్లతో పరీక్ష ఎన్నడూ వద్దు.

ప్రశ్న: ఇంట్లో ఎంసీబీ ఉంది. షాక్ నుంచి అది కాపాడదా?

జవాబు: కాపాడదు. ఎంసీబీ అనేది కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్. అది వైర్లు కాలిపోకుండా చూస్తుంది, పడిపోవడానికి ఎన్నో ఆంపియర్లు కావాలి. మనిషి ప్రాణానికి ఆంపియర్‌లో చిన్న భాగం చాలు. మీకు కావాల్సింది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేకపోతే అది రెప్పపాటులో తెగ్గొడుతుంది. దాని మీద ‘టి’ అని రాసిన బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడండి. మీట పడకపోతే అది చెడిపోయినట్టే, మార్పించండి. మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి వైరు కలపమనకండి. ఇంట్లో ప్లగ్గులన్నీ తీసేసి, ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఏది పెట్టినప్పుడు పడితే లీకేజీ ఆ పరికరంలోనే ఉంది. అన్నీ తీసేసినా పడుతుంటే లోపం గోడలోని వైరింగ్‌లో ఉంది, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.